వేడి చూడని సీరమ్

పోయిన వారం గడియారమ్మను ల్యాబు కారిడార్లో, చేతిలో ప్లేటుతో వదిలేసి వచ్చాం. ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఊళ్లో రక్తం కక్కించే జ్వరం. మందు లేదు. అంబులెన్సు నడిపే తమ్ముడు రోగుల్ని మోసి మోసి తనే మంచం ఎక్కాడు, ఇవాళ ఐదో రోజు. ఈ జ్వరం వచ్చి కోలుకున్నవాళ్ల ప్లాస్మా ఎక్కిస్తే బతకొచ్చునని వార్డు డాక్టరమ్మ ఆశ. అయితే ఆ రక్తంలో వైరస్‌ను చంపే శక్తి ఉందని ల్యాబు తేల్చాలి, పెద్దసార్ సంతకం పెట్టాలి. కోలుకుని రక్తమివ్వడానికి ముందుకొచ్చిన మనిషి ఒక్కతే, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అత్తయ్య. ఆమె సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే పసుపు నీటిని, మూడుసార్లు పరీక్షించారు. మూడుసార్లూ గుండుసున్నా. నాలుగోసారి గడియారమ్మే మొండికేసి చేసింది. ఆమె చేతిలో ఉన్నది ఆ ప్లేటే.

గడియారమ్మ అనేది పెట్టిన పేరు. ఇంట్లో గుడ్లు ఉడకబెట్టినా టైమర్ పెట్టుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు. తమ్ముడు పెళ్లికి ముందే మరదలిని కూర్చోబెట్టి హెచ్చరించాడట, మా అక్క ఐదింటికి వస్తానంటే నాలుగూ యాభై ఎనిమిదికి గుమ్మంలో ఉంటుంది, ఆ రెండు నిమిషాలు ఊపిరి తీసుకోవడానికి అని.

ప్లేటు నిండా చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగునా బతికున్న కణాలు ఒక పొరగా పరుచుకుని ఉంటాయి. వాటి మీద వైరస్, సీరమ్ కలిపి పోసి, మర్నాడు ఊదారంగు అద్దుతారు. వైరస్ తినేసిన చోట రంగు పట్టదు, తెల్లమచ్చ పడుతుంది. మచ్చలుంటే సీరమ్ ఓడినట్టు. అత్తయ్య గుంటల్లో ఈసారి ఒక్క మచ్చ లేదు. అంచు నుంచి అంచు దాకా నిండు ఊదారంగు.

ఎగిరి గంతేయాల్సిన సమయం. కానీ సరిగ్గా అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది, నిన్న తను ఆ సీరమ్‌ను వేడి చేయలేదని.

ఈ ల్యాబులో ఏ మనిషి సీరమ్ అయినా సరే, పరీక్షకు ముందు యాభై ఆరు డిగ్రీల నీళ్ల తొట్టిలో అరగంట కూర్చోవాలి. ఆ రూలు పెద్దసార్ స్వయంగా టైపు చేసి తొట్టి పైన గోడకు అంటించాడు. అంటించిన కాగితం పసుపురంగుకు తిరిగి, మూలలు ఊడి, మళ్లీ అంటించబడి ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. గడియారమ్మ చేరిన పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అన్నం తినేముందు చేతులు కడుక్కున్నట్టు, అదొక అలవాటు. నిన్న ట్యూబులు తొట్టి పక్కన పెట్టి మూత తీయబోతుంటే మరదలు ఫోన్ చేసింది, తమ్ముడి ముక్కు నుంచి రక్తం ఆగడం లేదని. మాట్లాడి తిరిగొచ్చేసరికి బుర్ర ఎక్కడో ఉంది, చేయి మాత్రం అలవాటు ప్రకారం ల్యాబు పుస్తకంలో 'వేడి' అన్న గడిలో టిక్కు పెట్టేసింది.

చేయని పనికి టిక్కు పెట్టినవాళ్లను, బతికున్న వైరస్‌తో పనిచేసే మూసిన గదిలోకి మళ్లీ రానివ్వరు. అది కూడా పెద్దసార్ రూలే. ఆ టిక్కు గురించి నోరు మూసుకుంటే ఈ క్షణాన తమ్ముడికి ప్లాస్మా ఎక్కుతుంది. నోరు విప్పితే పరీక్ష చెల్లదు. గడియారమ్మ కారిడార్లో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మూడోసారి పెద్దసార్ తలుపు తట్టింది.

"సార్, అత్తయ్య సీరమ్ పనిచేసింది."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తాడు. ముఖం విప్పారింది. కలం కోసం జేబు తడుముకున్నాడు.

"సంతకానికి ముందు ఇంకో మాట వినండి. దాన్ని నేను వేడి చేయలేదు."

"చేశావుగా. ఇదిగో టిక్కు."

"టిక్కు పెట్టాను. పని చేయలేదు."

పెద్దసార్ ప్లేటు బల్ల మీద పెట్టాడు. "పంతొమ్మిదేళ్లు నీ పుస్తకంలో ఒక్క తప్పు లేదు. నేను కొత్తవాళ్లకు నీ పుస్తకం చూపించి పాఠం చెప్పాను. తప్పు చేయడానికి నీకు ఈ రోజే దొరికిందా అమ్మా."

"ఏ శిక్ష వేసినా సరేనండీ. తర్వాత వేయండి."

"దీన్ని పారేసి, వేడి చేసి మళ్లీ పెట్టు."

"అలాగే కదండీ మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ పనికిరాదనే వచ్చింది."

"అంటే పనికిరాదనే అర్థం."

"వేడి చేస్తే పనికిరావడం లేదు. చేయకపోతే పనికొస్తోంది." ఆమె అక్కడితో ఆపలేదు. "మా తమ్ముడి ఒంట్లో రక్తాన్ని ఎవరూ యాభై ఆరు డిగ్రీల్లో ఉడకబెట్టడం లేదు కదా సార్."

పెద్దసార్ ప్లేటును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు వేడి చేస్తాం సార్ అసలు? ఇన్నేళ్లకు అడుగుతున్నాను, తిట్టుకోకండి."

"రక్తంలో యాంటీబాడీలు ఒక్కటే కాదు, ఇంకో గుంపు ఉంటుంది. కాంప్లిమెంట్ అంటారు. ముప్పై రకాల దాకా ప్రోటీన్లు. ఊరికే తిరుగుతుంటాయి. మన పరీక్షలో అడ్డం పడి లెక్క చెడగొడతాయని వాటిని ముందే వేడితో చంపేస్తాం. యాంటీబాడీలు గట్టిపిండాలు, అరగంట వేడికి చావవు. మనకు కావలసింది యాంటీబాడీలే కదా..." ఆయన మాట అక్కడ నెమ్మదించింది. "మనకు కావలసింది అవే అనుకున్నాం."

"ఒకవేళ ఆ రెండో గుంపు అడ్డం పడటం లేదేమో సార్. చేయాల్సిన పని అదే చేస్తోందేమో."

పెద్దసార్ లేచి చేతి గ్లవ్స్ పెట్టె అందుకున్నాడు. ఆయన గ్లవ్స్ తొడుక్కోవడం ల్యాబులో ఎవరూ ఆరేళ్లుగా చూడలేదు.

పరీక్ష ఇలా వేసుకున్నారు. అత్తయ్య సీరమ్ వేడి చేసింది ఒకటి, వేడి చేయనిది ఒకటి. మూడోది అసలు కీలకం. వేడి చేసిన దానికి, జ్వరం ఎన్నడూ రాని మనిషి తాజా సీరమ్ కొంచెం కలపాలి. చచ్చిన కాంప్లిమెంట్ స్థానంలో బతికున్నది వచ్చి చేరినట్టు. తాజా రక్తం ఎవరిదంటే గడియారమ్మ చెయ్యి చాపింది. "నాది కూడా తియ్యి. ఒక్కరి రక్తాన్ని నమ్మి ఏదీ తేల్చకూడదు" అని పెద్దసార్ తన చొక్కా చేతిని పైకి మడిచాడు.

లాండ్రీ అత్తయ్య ఐదోసారి రక్తమివ్వడానికి తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "మూడుసార్లు పనికిరాదన్నారు, నాలుగోసారి ఏమైందో చెప్పనే లేదు. నేను పనికిరానన్న మాట మా ఆయన బతికుంటే మీకంటే ముందే చెప్పుండేవాడు" అంది కుర్చీలో సర్దుకుంటూ. సూది గుచ్చుతుంటే అటు చూడకుండా అడిగింది, "ఆ అంబులెన్సు అబ్బాయేనా? నా దుప్పట్ల మూటలు పైకి మోసిపెట్టేవాడు. ఎంత కావాలంటే అంత తీసుకో అమ్మాయ్."

గుంటల్లో ఫలితం రావడానికి ఒక రోజు పడుతుంది. అంతవరకు ఆగలేక, మొదటి రెండు మిశ్రమాల్లో కొంత తీసి, వైరస్‌ను మందుతో చంపి, ఉన్న ఆకారం చెదరకుండా బిగించి, మధ్యాహ్నానికే కింది అంతస్తుకు పట్టుకెళ్లారు. అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంటుంది, దాని పక్కన బాబాయ్ ఉంటాడు. ఆయన ఎవరికి బాబాయో తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. యంత్రం కదలకూడదని ఆ గదిలో గట్టిగా నడవనివ్వడు, తుమ్ము వస్తే బయటికి వెళ్లి తుమ్మమంటాడు.

"ముందు వేడి చేసింది" అన్నాడు బాబాయ్. తెర మీద బూడిదరంగులో వైరస్‌లు తేలాయి. వెంట్రుక అడ్డుకోతలో దాదాపు వెయ్యి వరుసగా పట్టేంత చిన్నవి. గుండ్రటి ఒళ్లు, ఒంటి చుట్టూ కొవ్వు పొర, పొర మీద ముళ్లు. ఆ పొర వైరస్ సొంతం కాదు. తను పుట్టిన కణం నుంచి బయటపడుతూ ఆ కణం పొరనే కాస్త చింపుకుని కప్పుకొస్తుంది. ముళ్లకు అత్తయ్య యాంటీబాడీలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. వైరస్‌లు మాత్రం చెక్కుచెదరలేదు. "చూశారా, పట్టుకున్నాయి. పట్టుకుని ఊరుకున్నాయి. ఇప్పుడు వేడి చేయనిది" అంటూ బాబాయ్ పిడి తిప్పాడు.

ముగ్గురూ తెర మీదికి వంగారు.

తెర మీద మొదటి వైరస్ ఒంటి నిండా రంధ్రాలు. ఎవరో తీరిగ్గా కూర్చుని కొలిచి తొలిచినట్టు, అన్నీ ఒకే సైజు, ప్రతి రంధ్రం చుట్టూ చక్కని ఉంగరం లాంటి అంచు. వైరస్ అడ్డుకొలతలో పదో వంతు ఉంటుందేమో ఒక్కొక్కటి. పక్కన ఇంకొకటి సగం చిరిగి, లోపలి సరుకు బయటికి జారి ఉంది. ఆ పక్కది వట్టి తోలు. బాబాయ్ పిడి తిప్పుతూ పోయాడు, పదులు, వందలు, అన్నీ తూట్లే.

పెద్దసార్ గొంతు తగ్గించి చెప్పసాగాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. యాంటీబాడీలు ముళ్ల మీద పక్కపక్కన కూర్చుంటాయి. అది గుర్తు. ఆ గుర్తును కాంప్లిమెంట్‌లో మొదటి ప్రోటీన్ చూస్తుంది. చూసి రెండోదాన్ని కోస్తుంది, కోయబడింది లేచి మూడోదాన్ని కోస్తుంది, ఒకటి వందలను లేపుతుంది. చివర్లో ఐదు రకాలు వరుస తప్పకుండా వస్తాయి. ఒకటి దిగుతుంది, ఒకటి దాన్ని పట్టుకుంటుంది, ఒకటి కొవ్వులోకి దూరుతుంది, ఇంకొకటి తొలుస్తుంది, ఆఖరిది పది పదిహేను మందితో వచ్చి చుట్టూ ఉంగరంగా నిలబడుతుంది. ఉంగరం నడుమ దారి తెరుచుకుంటుంది. నీళ్లు లోపలికి, ప్రాణం బయటికి. "ఇదంతా నిమిషాల్లో" అన్నాడు. "చదివాను. పాఠం చెప్పాను. కళ్లతో చూడటం ఇదే."

గడియారమ్మకు అత్తయ్య తడి చేతులు గుర్తొచ్చాయి. దుప్పట్లు ఉతికే ఆ మనిషి ఒంట్లో, ఆమెకు తెలియకుండా, ఆమె సబ్బు నురగలో చేతులు పెట్టి పనిచేసుకుంటున్నప్పుడు కూడా, ఇంత పని జరిగిందా. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పిలవలేదు, ఒక్కటి కూడా వరుస తప్పలేదు. తను ఇన్నేళ్లూ రోజుకు నలభై ట్యూబుల చొప్పున ఈ అద్భుతాన్ని నీళ్ల తొట్టిలో పెట్టి, టైమర్ నొక్కి, సరిగ్గా అరగంటలో చంపేసి, తన కచ్చితత్వానికి మురిసిపోయింది. ఏడుపు వచ్చింది, అది దుఃఖమో మరొకటో ఆమెకే తెలియలేదు.

"గుర్తు పెట్టేవాళ్లు వేరు, పని చేసేవాళ్లు వేరు" అన్నాడు పెద్దసార్. "ముప్పై ఏళ్లుగా పొద్దున్నే పనివాళ్లను చంపేసి, సాయంత్రం పనెందుకు జరగలేదని రాసుకుంటున్నాం. ఇంకెంతమంది రక్తాన్ని పనికిరాదని తిప్పి పంపానో." బాబాయ్ తన కుర్చీ ఆయన వైపు జరిపాడు. పెద్దసార్ కూర్చుని, అక్కడే, ఒళ్లో అట్ట పెట్టుకుని కాగితం మీద సంతకం చేశాడు.

సాయంత్రం ఐదు గంటలకు అత్తయ్య ప్లాస్మా తమ్ముడి నరంలోకి దిగడం మొదలైంది. గడియారమ్మ వార్డు అద్దం బయట నిలబడి చూసింది. లోపలి నుంచి తమ్ముడు ఫోన్ చెవి దగ్గర పెట్టించుకున్నాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి, మాట మాత్రం పాతదే. "అక్కా, ఇది లాండ్రీ అత్తయ్యదటగా. రేపట్నుంచి నేను కూడా తెల్లగా మెరుస్తానంటావా?"

"మెరవకపోతే ఇస్త్రీ కూడా చేయిస్తాను. పడుకో."

మర్నాడు పొద్దున ఏడున్నరకు ప్లేటుకు రంగు అద్దారు. వేడి చేసిన సీరమ్ గుంటల నిండా మచ్చలు. వేడి చేయనిది నిండు ఊదారంగు. వేడి చేసిన దానికి పెద్దసార్ తాజా సీరమ్ కలిపింది, అదీ నిండు ఊదా. పెద్దసార్ సీరమ్ ఒక్కదానికి మచ్చలే, ఎందుకంటే ఆయన దగ్గర పనివాళ్లున్నారు కానీ గుర్తులు లేవు. నిన్న అనుకున్నదంతా అక్షరాలా నిజమైంది. ఆయన గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే ఆమె భుజం తట్టబోయి, ఆగాడు.

ఒక వరుస మిగిలింది. వేడి చేసిన దానికి గడియారమ్మ తాజా సీరమ్ కలిపిన వరుస. దాని నిండా మచ్చలు.

"కలపడం మరిచిపోయావేమో" అన్నాడు పెద్దసార్. ఆ మాట అన్నందుకు వెంటనే నొచ్చుకున్నాడు.

"మరవలేదండీ. ఈసారి ప్రతి చుక్కా మీ ఎదురుగానే పోశాను."

"అయితే నీ రక్తంలో..."

"అది లేదు" అంది ఆమె. అంటూనే మనసు వేరే చోటికి వెళ్లిపోయింది. ఒకే చలికాలంలో తనకూ తమ్ముడికీ మెదడు పొరల జ్వరం వచ్చింది. తనకు తొమ్మిదేళ్లు, వాడికి ఆరు. రెండేళ్ల తర్వాత ఇద్దరికీ మళ్లీ వచ్చింది. ఒకే జబ్బు ఒకే ఇంట్లో రెండుసార్లు ఎలా వస్తుందని అప్పటి డాక్టరు వాళ్ల అమ్మను అడిగితే, దిష్టి తప్ప ఇంకేముంటుందని అమ్మ ఆయన్నే ఎదురడిగింది. కాంప్లిమెంట్ వరుసలో వచ్చే చివరి ఐదుగురిలో ఒకరు పుట్టుకతోనే లేకపోతే ఇలాంటి జ్వరమే పదే పదే వస్తుందని పెద్దసార్ పాఠంలో ఎప్పుడో విన్నది. విన్నప్పుడు నోట్సు కూడా రాసుకుంది. ఇంట్లో సంగతి మాత్రం తట్టనే లేదు.

"సార్, వాడూ నేనూ ఒక తల్లి బిడ్డలం."

దీనికి రోజంతా ఆగక్కర్లేదు. యాంటీబాడీలు అంటించిన గొర్రె ఎర్రకణాల్లో సీరమ్ కలిపి, ఒంటి వెచ్చదనం ఉన్న నీళ్లలో అరగంట పెడితే చాలు. కాంప్లిమెంట్ ఉంటే ఎర్రకణాలు పగిలి ట్యూబు ఎర్రటి గాజులా తేటపడుతుంది. లేకపోతే మడ్డిగా ఉండిపోతుంది. తమ్ముడు చేరిన రోజు తీసిన సీరమ్ డీప్ ఫ్రీజర్లో ఉంది. అదే రోజు చేరిన ఇంకో రోగిది కూడా తీశారు, జ్వరమే కాంప్లిమెంట్‌ను తినేస్తోందో ఏమో తెలియడానికి. పెద్దసార్‌ది, ఆమెది కలిపి నాలుగు ట్యూబులు. గడియారమ్మ టైమర్ పెట్టింది. పెట్టి, జీవితంలో మొదటిసారి దాని వంక చూడలేకపోయింది.

పావుగంటకే పెద్దసార్ ట్యూబు తేటపడింది. ఇరవై నిమిషాలకు ఆ రెండో రోగిది. టైమర్ మోగేసరికి గడియారమ్మ ట్యూబు మడ్డిగానే ఉంది. దాని పక్కన తమ్ముడిది కూడా అచ్చం అలాగే ఉంది.

"అత్తయ్య ప్లాస్మాతో కొంత కాంప్లిమెంట్ కూడా వాడికి వెళ్లుంటుంది కదా సార్."

"ఒక సంచీ ఎంత, ఒళ్లంతా ఎంతమ్మా. వెళ్లింది ఈపాటికి ఖర్చయిపోయి ఉంటుంది. గుర్తులు మాత్రం వారాలు నిలుస్తాయి." ఆయన చొక్కా చేతిని మళ్లీ మడవడం మొదలుపెట్టాడు. "నాది ఏబీ గ్రూపు. నా ప్లాస్మా ఎవరికైనా పడుతుంది. రెండు గంటల్లో తాజాగా తీసి ఎక్కించవచ్చు. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి."

డాక్టరమ్మ మొత్తం వింది. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. విన్నాక అంది, "మంచి ఆలోచనే. ఒక్కటి చెప్పండి. వైరస్ ఆ కొవ్వు పొర తెచ్చుకునేది ఎక్కడి నుంచి?"

"వాడి కణాల నుంచే."

"మీ తమ్ముడి కాలేయం నిండా ఇప్పుడు వైరస్ పుడుతోంది. పుట్టే చోటల్లా ఆ కణాల మీదా అవే ముళ్లుంటాయి. నిన్న సాయంత్రం నుంచి అత్తయ్య యాంటీబాడీలు వాటన్నిటి మీదా గుర్తులు పెట్టుకుంటూ పోయాయి. పని చేసేవాళ్లు లేక ఇంతవరకు ఏమీ జరగలేదు. ఇప్పుడు మీ సార్ ప్లాస్మా పంపితే, వాళ్లు గుర్తున్న చోటల్లా తొలుస్తారు. వైరస్‌నా, కాలేయాన్నా అని చూడరు. మన కణాలకు కొంత రక్షణ ఉంటుంది. ఇంత గుర్తు పడ్డాక అది చాలుతుందో లేదో నాకు తెలియదు. ఎక్కించకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు, సాయంత్రం దాటడు."

ఫోన్లో తమ్ముడి దగ్గు వినిపించింది, ఆ వెనకే మరదలు ఏదో అడుగుతున్న గొంతు.

"మీ మరదలి ముందు ఒప్పుకోలు కాగితం పెట్టాను" అంది డాక్టరమ్మ. "కలం పట్టుకుని కూర్చుంది. వదిన ఏమంటే అదే రాస్తానంటోంది. ఏం రాయమంటారు?"